అప్‌గ్రేడ్ మధ్యలో రౌటర్ ఆగిపోయింది, పవర్ లైటు మాత్రం మిణుకుతోంది

ప్రశ్న:
నిన్న రాత్రి రౌటర్‌కి కొత్త ఫర్మ్‌వేర్ (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్కించాను, అదీ వైఫై మీదే. 60 శాతం దగ్గర పేజీ బిగుసుకుపోయింది. పది నిమిషాలు ఎదురుచూసి ప్లగ్ పీకేశాను. ఇప్పుడు పవర్ లైటు ఆగకుండా మిణుకుతోంది, వైఫై పేరే కనబడట్లేదు. కేబుల్ పెట్టి రౌటర్ అడ్రస్ 192.168.1.1కి పింగ్ (పలుకుతోందా అని అడిగే కమాండ్) కొడితే, ఆన్ చేసిన వెంటనే మూడు నాలుగు జవాబులొచ్చి ఆగిపోతున్నాయి. ఇక ఇది బతుకుతుందా?

జవాబు 1:
బతుకుతుందండి, కంగారుపడకండి. ఆ నాలుగు జవాబులే మంచి కబురు. వాటిలో టీటీఎల్ (ప్రతి జవాబు పక్కన కనబడే ఒక అంకె) ఎంతుందో చూడండి. చాలా పాత మోడళ్లలో 100 అని వస్తే పలుకుతున్నది బూట్‌లోడర్, అంటే ఫర్మ్‌వేర్ కంటే ముందు లేచే చిన్న ప్రోగ్రామ్. కంప్యూటర్‌కి మీరే ఐపీ 192.168.1.2, మాస్క్ 255.255.255.0 ఇవ్వండి. వైఫై ఆపేయండి. రౌటర్ ఆన్ చేసిన తొలి సెకన్లలోనే టీఎఫ్‌టీపీతో (ఫైళ్లు పంపే ఒక సాదా పద్ధతి) ఫర్మ్‌వేర్ ఫైలు పంపాలి, బైనరీ మోడ్‌లోనే (ఫైలు ఏ మార్పూ లేకుండా వెళ్ళేలా). ఆ అదును తప్పితే మళ్ళీ ఆపి ఆన్ చేయడమే. ఫైలు వెళ్ళాక మాత్రం రౌటర్‌ని ముట్టుకోకండి, లోపలి ఫ్లాష్ మెమరీలో రాసుకుంటూ ఉంటుంది. నేనైతే పది నిమిషాలు వదిలేస్తాను.

జవాబు 2:
పంపేముందు అడుగున స్టిక్కర్ చూడండి. ఒకే మోడల్‌కి వీ1, వీ2 అని వెర్షన్లు ఉంటాయి, లోపల చిప్ వేరే ఉండొచ్చు. ఫైలు షా256 (ఫైలు చెడకుండా దిగిందో లేదో తెలిపే కోడ్) కూడా సరిచూడండి.

ప్రశ్న వేసినవారు:
టీటీఎల్ 100 వచ్చింది! స్టిక్కర్ మీద వీ2, నేను దించింది వీ1 ఫైలు. సరైనది మూడోసారికి వెళ్ళింది. లాగిన్ పేజీ వచ్చిందండీ, ఇద్దరికీ చాలా థాంక్స్.