తోటకి దారి మధ్యలో ప్రభుత్వ బంజరు, ట్రెంచ్ కొట్టేశారు

అడిగినవారు: జీడితోట

ఆనందపురం దగ్గర మాకు ఎకరంన్నర జీడితోట ఉంది, జిరాయితీ (సొంత పట్టా భూమి). పంచాయతీ రోడ్డుకీ తోటకీ మధ్య కొంత ప్రభుత్వ బంజరు. తాతగారి కాలంలో ఎడ్లబండి, ఇప్పుడు ట్రాక్టరు, అన్నీ అందులోంచే. సంక్రాంతి వెళ్లాక బోర్డు పాతి, రోడ్డు పక్కనే ట్రెంచ్ కొట్టేశారు. ఈసారి జీడిపిక్కల బస్తాలు నెత్తిమీద మోశాం. మోకాళ్ల నొప్పులతో అమ్మ ఆ గొయ్యి దాటలేక తోటకే రావడం మానేసింది. ఆవిడ బిందెలతో నీళ్లు పోసి బతికించిన చెట్లవి. మాకు బంజరులో సెంటు కూడా వద్దు, దారి చాలు. అడిగే హక్కుందా?

రిటైర్డ్ సర్వేయర్:

ముందు ఎఫ్.ఎం.బి. (సర్వే నంబర్ల కొలతల పటాల పుస్తకం) నకలు తీయించు బాబూ. బండిదారి చుక్కల గీతల్లో కనిపిస్తే నీకు పెద్ద ఆధారం. పాత ఆర్.ఎస్.ఆర్.లో (రీ-సెటిల్‌మెంట్ రిజిస్టర్, ఏ భూమి ఏ రకమో రాసుండే రికార్డు) ఆ సర్వే నంబరు ఎదురుగా ఏం రాసుందో కూడా చూడు. రస్తా అని ఉంటే అది ఊరందరి దారి, నువ్వు విడిగా హక్కు నిరూపించుకోనక్కర్లేదు.

విశాఖ లాయర్:

దారి లేదు కాబట్టి ఇచ్చి తీరాలి అని చాలామంది సెక్షన్ 13 చెబుతారు. 1882 ఈజ్‌మెంట్స్ చట్టంలో (వేరేవాళ్ల భూమిలోంచి దారి లాంటి వాడుక హక్కుల చట్టం) అది ఒకే యజమాని భూమి రెండుగా విడిపోయినప్పటి మాట. మీ తోట, ఆ బంజరు ఎప్పుడూ ఒకరివి కాకపోతే పనికిరాదు. మీరు పట్టుకోవాల్సింది సెక్షన్ 15. ప్రైవేటు భూమికి 20 ఏళ్లు, ప్రభుత్వ భూమికి 30 ఏళ్లు. అన్నేళ్లూ ఎవరి అనుమతీ అడక్కుండా, అందరూ చూస్తుండగా, హక్కుగా నడిచి ఉండాలి.

అసలు టెన్షన్ ఇక్కడ: అడ్డుకట్ట సంగతి తెలిశాక ఏడాదిపాటు ఊరుకుంటే మీ వాడకం తెగిపోయినట్టే. సంక్రాంతి నుంచి లెక్కేసుకోండి. ప్రభుత్వం మీద దావాకి ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద నోటీసిచ్చి రెండు నెలలు ఆగాలి. మరీ అర్జెంటయితే కోర్టు అనుమతితో నోటీసు లేకుండా వేయొచ్చు.

భీమిలి రైతు:

అన్నా, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి నంబరు తీసుకో. ఊరుకోలేదనడానికి కాగితం ఉండాలి కదా. ఊళ్లో పెద్దవాళ్ల సాక్ష్యం ఇప్పుడే రాయించుకో.

జీడితోట:

అందరికీ దండాలు. నకలుకి అప్లై చేస్తున్నా, అర్జీ కూడా ఈ సోమవారమే. లాయరు గారూ, ఈలోగా ట్రెంచ్ మీద రెండు తాటిదుంగలు వేసుకోవచ్చా?

విశాఖ లాయర్:

వద్దండీ. ఆక్రమణ అంటూ 1905 ప్రభుత్వ భూముల ఆక్రమణ చట్టం కింద మీకే నోటీసు రావచ్చు. అర్జీలో కూడా పట్టా మాట ఎత్తకండి, నడిచే హక్కు మాత్రమే అడగండి. ట్రెంచ్‌ని ఫొటో తీసి తేదీతో జతచేయండి.