8 నెలలైంది, ఒక్క సెల్ కూడా 10 నిమిషాలు నిలవట్లేదు. పోస్ట్‌డాక్‌లో ఇది మామూలేనా?

సీల్_పోయింది_మళ్లీ
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేశాను. అంతా ప్రొటీన్ పని, జెల్స్, వెస్టర్న్ బ్లాట్లు. పోయినేడు అమెరికాలో ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో పోస్ట్‌డాక్‌గా చేరాను. ఇక్కడ పని సినాప్స్‌ల మీద, అంటే న్యూరాన్లు ఒకదానికొకటి సిగ్నల్ అందించే చోట్ల మీద. చిట్టెలుక మెదడులోంచి హిప్పోకాంపస్‌ని 300 మైక్రాన్ల ముక్కలుగా కోసి, ఒక్కో న్యూరాన్‌ని గాజు పిపెట్‌తో పట్టుకుని, దానికి పక్కవాటి నుంచి వచ్చే కరెంట్లు రికార్డ్ చేయాలి. ప్యాచ్ క్లాంప్. ఇంటర్వ్యూలో "నేర్చుకుంటాను" అని ధైర్యంగా చెప్పేశాను.

పొద్దున 8కి మొదలుపెడితే కోత అయ్యి, ముక్కలు 34 డిగ్రీల్లో అరగంట తేరుకుని, నేను రిగ్ (రికార్డింగ్ సెటప్) ముందు కూర్చునేసరికి 11 అవుతుంది. పిపెట్ మొన సెల్ పొరకి గట్టిగా అతుక్కుని సీల్ పడుతుంది, రెసిస్టెన్స్ గిగా ఓమ్ దాటుతుంది. ట్యూబ్‌లో చిన్నగా పీల్చి పొర తెంచుతాను. హమ్మయ్య అనుకునేలోపే, ఏడో నిమిషానికో ఎనిమిదో నిమిషానికో సిరీస్ రెసిస్టెన్స్ (పిపెట్‌కీ సెల్‌కీ మధ్య అడ్డు) ఎగబాకుతుంది, సెల్ పోతుంది. నాకు కావాల్సింది ఎల్‌టీపీ (స్టిమ్యులేషన్ ఇచ్చాక సినాప్స్ బలపడి చాలాసేపు అలాగే ఉండటం). అంటే కనీసం 40 నిమిషాలు నిలవాలి. మా పీఐ (ల్యాబ్ హెడ్) ఏమీ అనరు. అదే ఇంకా టెన్షన్.

గోదారి_గట్టు
మామూలే తమ్ముడూ. నాకు పనికొచ్చే మొదటి రికార్డింగ్ 11వ నెలలో వచ్చింది. అది కూడా రాత్రి తొమ్మిదింటికి, చివరి ముక్కలో.

ఒక మాట. హోల్ సెల్ (ఇలా పొర తెంచి చేసే రికార్డింగ్) పక్కన పెట్టి ఓ రెండు వారాలు ఫీల్డ్ రికార్డింగ్ (బయటే ఎలక్ట్రోడ్ పెట్టి చాలా సెల్స్ సిగ్నల్ కలిపి చూడటం) చెయ్. హిప్పోకాంపస్‌లో సీఏ1 అనే భాగానికి వెళ్లే తీగలు, షాఫర్ కొలేటరల్స్‌ని స్టిమ్యులేట్ చేసి సీఏ1లో వచ్చే సిగ్నల్ స్లోప్ చూడు. ఎల్‌టీపీని 1973లో బ్లిస్, లోమో కుందేళ్లలో చూపించింది ఫీల్డ్ ఎలక్ట్రోడ్లతోనే. ముక్క బతికుందా లేదా అన్నది తేలిపోతుంది, చేతిలో కాస్త డేటా ఉంటుంది. ల్యాబ్ మీటింగ్‌లో చూపించడానికి ఏదో ఒకటి ఉంటే రాత్రి నిద్రపడుతుంది.

చలిదేశం_అక్క
నేను జర్మనీలో చేశాను. మూడో నెలలో ఉన్నట్టుండి నా ముక్కలన్నీ చచ్చిపోవడం మొదలైంది. మైక్రోస్కోప్ కింద చూస్తే న్యూరాన్లు ఉబ్బి, గింజ బయటపడినట్టు కేంద్రకం తేలుతూ ఉండేది. ద్రావణాలు మార్చాను, బ్లేడ్లు మార్చాను, కార్బోజెన్ (ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాస్) సిలిండర్ కూడా మార్పించాను. ఐదు వారాలు పోయాయి.

చివరికి తేలిందేంటంటే, ఇమ్యునో (యాంటీబాడీలతో ముక్కలకి రంగు వేసే పని) చేసే అబ్బాయి నా బీకర్ తీసుకుని అందులో ఫార్మల్డిహైడ్ కలిపేవాడు. కడిగి మళ్లీ నా షెల్ఫ్‌లోనే పెట్టేవాడు, పాపం, మర్యాదస్తుడు. ఎంత కడిగినా ఆ కాస్త చాలు సెల్‌ని చంపడానికి. ఆరోజు నుంచి నా గాజుసామానంతటికీ పచ్చ టేపు వేశాను. పచ్చ టేపు ఉన్నదాన్ని ముట్టుకుంటే ఊరుకోనని పెద్ద అక్షరాలతో రాసిపెట్టాను. ఇప్పటికీ ఏ ల్యాబ్‌కి వెళ్లినా ముందు చేసే పని అదే.

ఇంకోటి. ఏసీఎస్ఎఫ్‌లో (ముక్కల్ని ఉంచే ద్రావణంలో) కాల్షియం ఎప్పుడు వేస్తున్నావు? కార్బోజెన్ బుడగలు కాసేపు వెళ్లాకే వెయ్యాలి. ముందే వేస్తే విరిగిన పాలలా తెల్లబడుతుంది.

మినీలు_లెక్కపెట్టేవాణ్ణి
అక్కగారి కథ నిజమే కానీ ఇక్కడ రోగం అది కాదేమో. ముక్క బాలేకపోతే గిగా సీల్ అంత తేలిగ్గా పడదు. ఈయనకి సీల్ పడుతోంది, లోపలికి వెళ్తున్నాడు, ప్రతిసారీ ఇంచుమించు ఒకే టైముకి పోతోంది. నాకైతే పిపెట్ మీద అనుమానం.

సెల్ చచ్చిపోతోందా, పిపెట్ కదులుతోందా? ముందు ఇది తేల్చండి. ముక్క లేకుండా ఖాళీ బాత్‌లో (మైక్రోస్కోప్ కింద ముక్క పెట్టే ద్రావణపు గిన్నెలో) పిపెట్ దించండి. మొన మానిటర్ మీద ఎక్కడుందో చిన్న టేపు ముక్క అంటించండి. వెళ్లి కాఫీ తాగి 20 నిమిషాల తర్వాత రండి. సెల్ బాడీ మొత్తం కలిపి 15–20 మైక్రాన్లు. మొన నాలుగు మైక్రాన్లు జరిగినా మీ సెల్ చిరిగిపోతుంది, మీరేమో ద్రావణాన్ని తిట్టుకుంటూ కూర్చుంటారు.

రెండో_షిఫ్ట్
అందరూ టెక్నిక్ చెప్తున్నారు, బాగుంది. నేను వేరేది చెప్తా. ఏమీ అనని పీఐ దగ్గర జాగ్రత్త. మా పీఐ కూడా చాలా మంచివారు, ఏమీ అనేవారు కాదు. రెండేళ్లకి నా ప్రాజెక్టు ఇంకొకరి గ్రాంట్‌లో కనపడింది. గొడవపడే ఓపిక లేక బయటికొచ్చేశాను. ఇప్పుడు మందుల కంపెనీలో ఒకేసారి 384 వెల్స్‌లో సెల్స్‌ని ప్యాచ్ చేసే మెషీన్ నడుపుతున్నా. సీల్ అది వేసుకుంటుంది, నేను ఐదింటికి ఇంటికెళ్తా.

ఈ వారంలోనే పీఐ టైమ్ అడిగి, "8 నెలలు, పనికొచ్చే సెల్స్ సున్నా, ఈ ల్యాబ్‌లో ఎల్‌టీపీ చివరిసారి ఎవరు చేశారు?" అని సూటిగా అడుగు. ఆ చివరి ప్రశ్నే అసలుది.

గోదారి_గట్టు
రెండో షిఫ్ట్ గారు అందర్నీ ఒకే గాటన కట్టేస్తున్నారు :) కొంతమంది పీఐలు నిజంగానే ఓపికస్తులు. కానీ చివరి ప్రశ్న మాత్రం అడగాల్సిందే. ల్యాబ్‌లో ఎవరికీ రాని టెక్నిక్‌ని నువ్వు ఒక్కడివే యూట్యూబ్‌లో నేర్చుకోలేవు.

ఇంటికొచ్చేశా
అమెరికాలో ఉన్నావు కాబట్టి లెక్కలు చూసుకో. ఎన్ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) ఇచ్చే ఎఫ్32 ఫెలోషిప్ పౌరులకీ గ్రీన్ కార్డు వాళ్లకే, మనకి రాదు. వాళ్లదే కే99 గ్రాంట్‌కి మనమూ పెట్టుకోవచ్చు కానీ పోస్ట్‌డాక్ అనుభవం 4 ఏళ్లు దాటకూడదు. అందులో 8 నెలలు ఇప్పటికే అయిపోయాయి. జే1 వీసా మీదుంటే మొత్తం ఐదేళ్లే ఉండొచ్చు. ఇండియాని 2024 డిసెంబర్‌లో స్కిల్స్ లిస్ట్ నుంచి తీసేశారు కాబట్టి ఆ లిస్ట్ వల్ల వచ్చే, రెండేళ్లు సొంత దేశానికి వెళ్లి ఉండాలన్న రూలు పోయింది. ప్రభుత్వ డబ్బు మీద వెళ్లినవాళ్ల సంగతి వేరు, నీ కాగితం చూసుకో. జీతం అంటావా, 2024లో ఎన్ఐహెచ్ మొదటేడు స్టైపెండ్ 61,008 డాలర్లు, చాలాచోట్ల దాన్ని చూసే కడతారు. చిన్న ఊళ్లో హాయిగా సరిపోతుంది, బోస్టన్‌లో అయితే రూమ్‌మేట్లు తప్పరు.

వెనక్కి రావాలనుకుంటే, విదేశాల నుంచి తిరిగొచ్చే శాస్త్రవేత్తలకి ఇచ్చే రామలింగస్వామి ఫెలోషిప్ ఉంది. నేను ఇండియాకి వచ్చేశాను, బాధ లేదు. కాకపోతే ఇక్కడ డ్రై ఐస్‌లో రావాల్సిన టాక్సిన్ ఎయిర్‌పోర్ట్‌లో వారం ఆగి, మా చేతికొచ్చేసరికి డబ్బాలో గాలి తప్ప ఐస్ లేదు. అలాంటివి అలవాటు చేసుకోవాలి.

చలిదేశం_అక్క
ప్యాచ్ క్లాంప్ కనిపెట్టిన నెహర్, సక్‌మన్ 1976లో మొదటిసారి ఒక్క చానల్ (సెల్ పొరలో అయాన్లు వెళ్లే ద్వారం) కరెంట్ చూపించినప్పుడు వాళ్లకే గిగా సీల్ రాలేదు బాబూ. శుభ్రమైన పిపెట్ పెట్టి కాస్త పీలిస్తే సీల్ బిగుస్తుందని తేలడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది. నోబెల్ 1991లో. మా ఊళ్లో వాళ్లకి నేనిదంతా చెబితే మా మేనత్త శ్రద్ధగా విని, "పోస్ట్‌డాక్ అంటే ఇంతకీ ఉద్యోగమా, చదువా?" అంది. సంబంధాలవాళ్లకి ఏం చెప్పాలో అర్థం కాలేదట.

సీల్_పోయింది_మళ్లీ
మూడు వారాల తర్వాత వస్తున్నా. మినీలు గారూ, మీ చేతులు పట్టుకుని దండం పెట్టాలనుంది. ఖాళీ బాత్‌లో పిపెట్ దించి, టేపు అంటించి వెళ్లాను. తిరిగొచ్చి చూస్తే మొన టేపు దాటి ఎటో పోయింది, స్కేల్ పెట్టి చూస్తే 9 మైక్రాన్లు. పిపెట్ హోల్డర్ విప్పితే లోపల రబ్బరు రింగు ఎండిపోయి, నెర్రెలు విచ్చి ఉంది. ఆ రిగ్ మీద మూడేళ్లుగా ఎవరూ కూర్చోలేదట, పీఐని అడిగితే అప్పుడు చెప్పారు. కొత్త రింగు వేశాను. నిన్న ఒక సెల్ 52 నిమిషాలు నిలిచింది. స్క్రీన్ ముందు నుంచి లేవడానికి భయమేసి భోజనం కూడా చేయలేదు.

కానీ ఎల్‌టీపీ రాలేదు. బేస్‌లైన్ 20 నిమిషాలు చక్కగా ఉంది, స్టిమ్యులేషన్ ఇచ్చాను, గీత అలాగే ఉంది.

మినీలు_లెక్కపెట్టేవాణ్ణి
20 నిమిషాల బేస్‌లైనా! హోల్ సెల్‌లోకి వెళ్లాక సెల్ లోపలి సరుకంతా పిపెట్‌లోకి కడుక్కుపోతూ ఉంటుంది, ఎల్‌టీపీకి కావాల్సినవీ దాంతోపాటే. పొర తెంచిన 10 నిమిషాల్లోపే స్టిమ్యులేషన్ ఇచ్చెయ్యాలి. బేస్‌లైన్ ఐదు నిమిషాలు చాలు.

సీల్_పోయింది_మళ్లీ
ఇది ఎవరూ చెప్పలేదండీ. రేపు శనివారం, మూడు వారాల ఎలుకలు రెండున్నాయి. పొద్దున్నే వెళ్తా. గాజుసామాను మీద పచ్చ టేపు కూడా వేసేశా అక్కా.