సర్కారు వేసే ఎకో లేబుల్: నమ్మి కొనచ్చా?

చీపురుకట్ట:
మా ఆఫీసుకి క్లీనింగ్ సామాన్లు కొనే పని ఈ ఏడాది నా నెత్తిన పడింది. ఫ్లోర్ క్లీనర్, హ్యాండ్ వాష్, టాయిలెట్ పేపర్, ఇవన్నీ. ఇకనుంచి ప్రభుత్వ ఎకో లేబుల్ ఉన్నవే కొనాలని రూల్ రాయమంటున్నారు పైవాళ్లు. రాసేముందు అడుగుతున్నా, వీటిని నమ్మచ్చా? కంపెనీ వాడు తనంతట తను వేసుకునే ఆకు బొమ్మల సంగతి కాదు, సర్కారు వెనకుండి ఇచ్చేవి. జర్మనీ బ్లూ ఏంజెల్, యూరోపియన్ యూనియన్ పువ్వు గుర్తు, ఇండియా కుండ బొమ్మ ఎకోమార్క్, ఈ రకంవి.

పక్కబెంచీ:
సీసా ఆకుపచ్చగా ఉంటే చాలు, సగం మంది నమ్మేస్తారు.

నురగ:
నమ్మచ్చా అని కాదండీ, అది ఎవరికి దొరుకుతుందో అడగండి. నేను చిన్న ఎత్తున సబ్బులూ లిక్విడ్ డిటర్జెంటూ చేస్తాను, పదకొండేళ్లయింది. లేబుల్ కోసం ఒకసారి తిరిగాను. ప్రతి ముడిసరుకుకీ సప్లయర్ దగ్గర్నుంచి డిక్లరేషన్ తెమ్మన్నారు, నెలకి రెండు డ్రమ్ములు కొనేవాడి కోసం ఆ సప్లయర్ కాగితాలు తయారుచేసి సంతకం పెడతాడా? మూడుసార్లు ఫోన్ చేస్తే నాలుగోసారి ఎత్తడం మానేశాడు. నిమ్మ వాసనది ఒకటి, లావెండర్ ఒకటి, వాసన లేనిది ఒకటి, మూడింటికీ విడివిడిగా కాగితాలు. పెద్ద కంపెనీ ఆ ఖర్చంతా కోటి సీసాల మీద పంచేస్తుంది, నేను నాలుగు వేల సీసాల మీద పంచాలి. చివరికి ఒక ఆఫీసు ఆర్డర్ లేబుల్ లేదన్న ఒక్క కారణంతో పోయింది, గెలిచినవాడి సీసాలో ఉన్నదీ నేను వాడేదీ ఒకే సర్ఫాక్టెంట్, అంటే మురికి వదిలించే పదార్థం! కాబట్టి చీపురుకట్ట గారూ, మీరు రాయబోయే ఆ ఒక్క లైను నాలాంటి వాళ్ల పొట్ట మీద కొట్టే లైను.

గాజుగొట్టం:
టెస్టింగ్ ల్యాబ్‌లో పద్నాలుగేళ్లు చేసి బయటికొచ్చాను, కాబట్టి కొంచెం చెప్పగలను. చీపురుకట్ట గారు చెప్పినవి ఐఎస్‌ఓ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ రాసిన 14024 నంబరు ప్రమాణం కిందికొచ్చే రకం. అంటే ఒక్క గుణం చూసి ఇవ్వరు, ముడిసరుకు దగ్గర్నుంచి పారేసేదాకా చూసి గీతలు గీస్తారు, తయారీదారు కాకుండా మూడోవాళ్లు పరిశీలిస్తారు. కంపెనీ తనే చెప్పుకునేదానికి ప్రమాణం 14021, అది వేరే లోకం. 2020లో యూరోపియన్ కమిషన్ చేయించిన పరిశీలనలో సరుకుల మీద ఉన్న పర్యావరణ మాటల్లో 53 శాతం అస్పష్టమో, తప్పుదారి పట్టించేవో, ఆధారం లేనివో అని తేలింది. ఆ అడవిలో ఈ నాలుగైదు ముద్రలే కాస్త దారి చూపిస్తాయి. ఖర్చు విషయంలో నురగ గారి బాధ నిజమే, యూరప్ స్కీమ్‌లో చిన్న సంస్థలకి ఫీజు తగ్గింపు ఉంది కానీ ఫీజు కంటే టెస్టులే ఎక్కువవుతాయి, అది ఒప్పుకుంటా.

తికమక:
బయోడిగ్రేడబుల్ అంటే 28 రోజుల్లో 60 శాతం కరిగితే పాస్ అంట కదా. మరి మిగతా 40 శాతం??

తాబేలు:
మీరంతా గుర్రం కళ్లకి గంతలు కట్టి దారి గురించి మాట్లాడుతున్నారు. హాని చేసే సరుకైతే ఆపెయ్యాలి, చెయ్యకపోతే ముద్ర ఎందుకు? యూరప్‌లో బట్టల డిటర్జెంట్లలో ఫాస్ఫేట్ (చెరువుల్లో, నదుల్లో నాచు పెంచే రసాయనం) గొడవ లేబుల్‌తో తీరలేదు, 2013 నుంచి చట్టంతో గీత గీశారు, తీరింది. స్క్రబ్బులు, టూత్‌పేస్టుల్లో ప్లాస్టిక్ పూసలని అమెరికా 2015లో చట్టం చేసి ఆపింది. కొనేవాడు షాపులో నిలబడి వెనక అక్షరాలు చదువుకుని నదిని కాపాడాలా? లేబుల్ అంటే సర్కారు తను చెయ్యాల్సిన పని కస్టమర్ బుట్టలో పడెయ్యడం. స్వచ్ఛందం అన్న మాట వినగానే నాకు అనుమానం మొదలవుతుంది.

పక్కబెంచీ:
కరెంటు తక్కువ తినే సరుకులకి అమెరికా సర్కారు ఇచ్చే ఎనర్జీ స్టార్ ముద్ర కథ ఎవరూ చెప్పలేదేంటి! 2010లో వాళ్ల ప్రభుత్వ తనిఖీ సంస్థ జీఏఓనే దొంగ కంపెనీలు పెట్టి 20 ఉత్తుత్తి సరుకులకి అప్లై చేసింది, 15కి ముద్ర వచ్చేసింది. అందులో పెట్రోల్‌తో నడిచే అలారం గడియారం కూడా ఉంది.

నురగ:
అదిగో!! పెట్రోల్ గడియారానికి ఇస్తారు, నాకు మాత్రం సప్లయర్ సంతకం లేదంటారు.

గాజుగొట్టం:
ఆ కథ సగమే చెప్పారు. అప్పట్లో తయారీదారు తనే ఫారం నింపితే చాలు. ఆ దెబ్బతోనే 2011 నుంచి బయటి ల్యాబ్ పరీక్ష, బయటి సర్టిఫికేషన్ తప్పనిసరి చేశారు. అంటే నురగ గారూ, మీరు విసుక్కుంటున్న ఆ కాగితాలు లేకపోతే జరిగేది అదే.

తాబేలు గారికి: చట్టం ఆకాశం నుంచి ఊడిపడదు. బ్లూ ఏంజెల్ 1978లో మొదలైనప్పుడు తొలి వర్గాల్లో ఒకటి సీఎఫ్‌సీ (ఓజోన్ పొరని దెబ్బతీసే వాయువు) లేని స్ప్రే డబ్బాలు. అప్పటికి ఓజోన్ ఒప్పందం లేదు, మాంట్రియల్ ప్రోటోకాల్ 1987లో వచ్చింది. సీఎఫ్‌సీ లేకుండా డబ్బా చెయ్యచ్చు, అమ్మచ్చు అని ముందే కళ్లెదుట కనబడ్డాక నిషేధం పెట్టడం తేలికవుతుంది, "కుదరదు సార్" అనే సాకు ఉండదు. ఆ తర్వాత ఆ ముద్రకి ఇక పనే లేకుండా పోయింది. మంచి లేబుల్ గతి అదే.

తాబేలు:
ముందు ముద్ర వచ్చింది, తర్వాత చట్టం వచ్చింది అని చెబుతున్నారు, ముద్ర వల్ల చట్టం వచ్చిందని మీరెలా అంటారు? ఓజోన్‌కి చిల్లు పడ్డం వల్ల వచ్చింది.

తికమక:
40 శాతం గురించి ఎవరైనా...

గాజుగొట్టం:
తికమక గారూ, ఆ 60 అనేది సూక్ష్మజీవులు దాన్ని తిని కార్బన్ డయాక్సైడ్‌గా వదిలినదాని లెక్క. మిగతాదాంట్లో చాలా భాగం వాటి ఒంట్లోనే కలుస్తుంది. మనం తిన్నదంతా ఊపిరిగా పోదు కదా, కొంత ఒళ్లవుతుంది. 60 దాటిందంటే పదార్థం దాదాపు విరిగిపోయిందనే అర్థం.

తికమక:
దాదాపు అన్నారు. అంటే పూర్తిగా కాదు. నేనూ అదే అంటున్నా.

నురగ:
మళ్లీ నా విషయానికొస్తా. ఇండియా ఎకోమార్క్ 1991లో వచ్చింది, ముప్పై ఏళ్లు పైగా ఉన్నా తీసుకున్నవాళ్లు అరుదు. ఎందుకో తెలుసా, ముందు నాణ్యత ప్రమాణం దాటాలి, ఆ పైన పర్యావరణ ప్రమాణం, రెండు గేట్లు రెండు టోల్‌లు, ఇంతా చేస్తే అడిగే కొనుగోలుదారుడు లేడు. అందుకే 2024లో కొత్త నియమాలు రాసుకోవాల్సి వచ్చింది. ల్యాబులో కూర్చున్నవాళ్లకి గీత గీయడం సులువు, బయట నిలబడి దాటేవాడికి తెలుస్తుంది ఎత్తు.

గాజుగొట్టం:
ల్యాబులో కూర్చున్నవాళ్లు ఏం చూశారో కూడా వినండి మరి. శాంపిల్ వస్తుంది, అద్భుతంగా ఉంటుంది, పాస్. ఆర్నెల్ల తర్వాత అదే సరుకు షాపులో కొని చూస్తే వేరే వాసన, వేరే చిక్కదనం, వేరే సర్ఫాక్టెంట్. ఇలా నా చేతుల మీదుగానే ఎన్నోసార్లు. చెప్పకూడదు గానీ చిన్న యూనిట్ల నుంచే ఎక్కువ, ఏది చవగ్గా దొరికితే అది పోస్తారు, మార్చామని చెప్పరు.

నురగ:
అంటే ఏంటి మీ ఉద్దేశం, చిన్నవాళ్లందరూ దొంగలా? ఎవరో ఒకడు చేసినదానికి పదకొండేళ్లుగా చేతులు పగిలేలా సబ్బు కాచేవాణ్ణి అదే గాటన కట్టేస్తారా? పెద్ద కంపెనీ వాడు శాంపిల్ ప్రత్యేకంగా చేయించి పంపడని మీకు గ్యారంటీ ఉందా? వాడికి మంచి సీసా ఉంటుంది, కోటు వేసుకున్న మనిషి తెచ్చిస్తాడు, అంతే తేడా.

పక్కబెంచీ:
గుమ్మడికాయల దొంగ ఎవరంటే...

నురగ:
పక్కబెంచీ, నువ్వు ఆపు. నువ్వు జీవితంలో ఒక్క సీసా చేశావా?

గాజుగొట్టం:
నేను మిమ్మల్ని అనలేదు. "ఎక్కువ" అన్నాను, "అందరూ" అనలేదు. చదివింది చదివినట్టు తీసుకోండి. అయినా పెద్దవాళ్ల శాంపిళ్ల గురించి గ్యారంటీ నేనెక్కడ ఇచ్చాను, అందుకే పరీక్షకి పంపిన సీసా కాదు, అమ్ముడయ్యే సీసా తీసుకోవాలని మొత్తుకునేదాన్ని. వినేవాళ్లు లేకే మానేశాను ఆ ఉద్యోగం.

నురగ:
సరే, కోపంలో అన్నా. కానీ ఒక్కటి చెప్పండి. నేను మంచిగా చేస్తున్నా అని రుజువు నేనే చూపించాలి, డబ్బు నేనే కట్టాలి, ఏటా భయపడుతూ ఉండాలి. పక్కన ఏ ముద్రా లేకుండా, నురగ బాగా రావాలని ఏదిపడితే అది కలిపి అమ్మేవాణ్ణి ఎవడడుగుతున్నాడు? వాడికి ఫీజు లేదు, ఫైలు లేదు. నా గొడవ లేబుల్ మీద కాదండీ. రుజువు చూపించాల్సింది మంచిగా చేసేవాడా, చెడగొట్టేవాడా? పదకొండేళ్లుగా నాకర్థం కానిది ఇదే.

తాబేలు:
నేను మొదట్నుంచీ చెప్పేది ఇదే కదా! నిషేధించు అన్నప్పుడు నా మీద పడ్డారు.

నురగ:
మీరు నిషేధం అన్నారు, నేను రుజువు భారం అంటున్నా. రెండూ ఒకటి కావు. రేపు నిషేధం వచ్చినా నాలుగు వేల సీసాలవాడి దగ్గరికే ఇన్‌స్పెక్టర్ ముందొస్తాడు.

గాజుగొట్టం:
ఇప్పుడు మాట్లాడుకోవచ్చు. మంచీ చెడూ అందరూ తప్పనిసరిగా చూపించాల్సినవి కూడా ఉన్నాయి, యూరప్‌లో ఫ్రిజ్జుల మీద ఉండే ఏ నుంచి జీ దాకా ఎనర్జీ లేబుల్ అలాంటిదే, అన్నిటికంటే అడుగు గ్రేడు జీ తెచ్చుకున్నవాడూ దాన్ని అంటించుకునే అమ్మాలి. అదీ గొడవలేకుండా లేదు, అందరూ పైకెక్కేసరికి ఏ ప్లస్, ఏ ప్లస్ ప్లస్, మూడు ప్లస్సులు దాకా సాగి, 2021 మార్చిలో మళ్లీ ఏ నుంచి జీకి దింపారు. కానీ అక్కడ కొలిచేది ముఖ్యంగా కరెంటు. డిటర్జెంట్‌లో ఏ ఒక్క అంకె పెడతారు? నీటిలోని జీవాలకి విషమా, ప్యాకింగ్ ఎంత, తయారీకి వాడే నూనె ఏ తోటది, చల్లనీళ్లలో పనిచేస్తుందా. వీటన్నిటినీ ఒక అక్షరంలో కుదిస్తే, విషం తక్కువుండి ప్లాస్టిక్ ఎక్కువున్నదానికి ఏం ఇస్తారు? అది తేల్చకుండా తప్పనిసరి చేస్తే మీ మీద పడే కాగితాలు రెట్టింపవుతాయి, తగ్గవు.

తికమక:
ఒక అక్షరంలో కుదించలేం అంటున్నారు, మరి ఒక పువ్వు బొమ్మలో ఎలా కుదించారు?

గాజుగొట్టం:
ఇది మంచి ప్రశ్న. బ్లూ ఏంజెల్ ముద్ర మీద చాలాకాలం "ఎందుకంటే" అని కారణం రాసేవాళ్లు, ఎందుకంటే ఉద్గారాలు తక్కువ, అలా. నాకైతే బొమ్మ కంటే ఆ మాటే ఇష్టం. బొమ్మ మాత్రం అన్ని గీతలూ దాటిందనే చెబుతుంది, ఎంత ఎత్తున దాటిందో చెప్పదు.

చీపురుకట్ట:
అందరూ చదివాను, తల తిరుగుతోంది. ప్రభుత్వాల టెండర్లలో యూరప్ ఎలా రాస్తుందో చూశా, ఫలానా లేబుల్ అడగచ్చు, కానీ దానికి సమానమైన లేబుల్ తెచ్చినా ఒప్పుకోవాలి, తనది కాని కారణం వల్ల టైంకి లేబుల్ తెచ్చుకోలేనివాడు వేరే రుజువు చూపించినా చూడాలి. నేనూ "లేబుల్ లేదా సమానమైన రుజువు" అని రాద్దామనుకుంటున్నా. నురగ గారూ, మీ దగ్గర ఏం ఉన్నాయి చూపించడానికి?

నురగ:
ముడిసరుకుల సేఫ్టీ డేటా షీట్లు అన్నీ ఉన్నాయి. వాసన లేనిదానికీ నిమ్మదానికీ బయోడిగ్రేడబిలిటీ రిపోర్టు ఉంది, రెండేళ్ల కిందటిది.

గాజుగొట్టం:
ఆ రెండేళ్లలో ఫార్ములాలో ఏమైనా మారిందా?

నురగ:
నిమ్మదాంట్లో పెర్ఫ్యూమ్ మారింది. సర్ఫాక్టెంట్ సప్లయర్ కూడా, ఆ ఫోన్ ఎత్తనివాణ్ణి వదిలేశాక.

గాజుగొట్టం:
అయితే నిమ్మ రిపోర్టు పంపకండి. వాసన లేనిదానికి మళ్లీ చేయించి అది పంపండి. ఏ టెస్టు అడగాలో మెసేజ్ పెడతా, అనవసరమైనవి అంటగట్టకుండా.

పక్కబెంచీ:
నేను సీసా చేయలేదు నిజమే, ఉన్నవి ఖాళీ చేశా.