అప్‌డేట్: చలిలో పరుగెత్తాక దగ్గు, పిల్లికూతలు – కారణం దొరికింది

డిసెంబర్‌లో ఇక్కడ అడిగాను కదా, పొద్దున్నే బెంగళూరు కబ్బన్ పార్క్‌లో 5 కిలోమీటర్లు పరుగెత్తి ఆపిన పది నిమిషాలకి ఆగని దగ్గు, ఛాతీ పట్టేసినట్టు ఉంటోందని. సంక్రాంతికి లంబసింగి వెళ్తే ఇంకా ముదిరింది, రెండో కిలోమీటరుకే రోడ్డు పక్కన కూలబడితే టీ కొట్టాయన గ్లాసుడు వేడినీళ్లు తెచ్చి చేతిలో పెట్టాడు. అప్పుడు నిజంగా టెన్షన్ పడ్డాను.

మీలో కొందరు గుండె చూపించుకోమన్నారు, చూపించాను, ఈసీజీ మామూలే. ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి వెళ్లమన్నవాళ్లకి దండాలు, తేలింది అక్కడే. కూర్చుని గొట్టంలోకి ఊదితే అంతా నార్మల్. ట్రెడ్‌మిల్ మీద 8 నిమిషాలు పరుగెత్తించి మళ్లీ ఊదిస్తే మొదటి సెకనులో వదిలే గాలి 18 శాతం పడిపోయింది (10 దాటితేనే లెక్కలోకి తీసుకుంటారట). నోటితో చల్లని పొడిగాలి వేగంగా పీలుస్తుంటే లోపల తడి ఆరిపోయి శ్వాసనాళాలు బిగుసుకుంటాయన్నమాట. చెన్నైలో మెరీనా పక్కన ఎంత పరుగెత్తినా ఏమీ కాకపోవడం ఇందుకే, అక్కడి గాలి తడిగా, వెచ్చగా ఉంటుంది. ఆ సంగతి మొదటి పోస్ట్‌లో రాయకపోవడం నా తెలివే.

ఇప్పుడు డాక్టర్ రాసిన ఇన్‌హేలర్ పరుగుకి 15 నిమిషాల ముందు, అది పీల్చాక మెల్లగా వార్మప్, చలి ఎక్కువుంటే ముక్కూ నోరూ కప్పేలా మఫ్లర్. మా అమ్మ మొదట్నించీ కట్టుకోమన్న మఫ్లరే. కొత్త బూట్లు, ఆవిరి పట్టడం, అల్లం తేనె దీనికి పనిచేయలేదు. నిన్న 8 కిలోమీటర్లు, దగ్గు లేదు.