అప్‌డేట్: ఫిల్మ్‌గా పోస్తే మసకబారిన పాలిమర్

పైరీన్ (వెలుగునిచ్చే ఒక అణువు) తగిలించిన నా అక్రిలేట్ పాలిమర్ పలచటి ద్రావణంలో ఊదా-నీలంగా వెలిగి, ఫిల్మ్‌లో (ఆరిన పలచటి పొరలో) ఆకుపచ్చ ఛాయకు తిరిగి మసకబారుతోందని, ఏం చేయాలని అడిగాను. పైరీన్‌లు దగ్గరపడి ఎక్సైమర్లు (కాంతి తగిలినప్పుడు రెండు అణువులు జతకట్టి వేరే రంగులో వెలిగే జంటలు) అవుతున్నాయని చాలామంది చెప్పారు. నిజమే.

పైరీన్ తీసేసి టెట్రాఫినైల్ఎథిలీన్ పెట్టాను. ఇది పైరీన్‌కు తలకిందులు రకం. ద్రావణంలో దాని ఫినైల్ వలయాలు తిరుగుతూ శక్తిని వేడిగా పోగొట్టేస్తాయి, ఘనస్థితిలో కదల్లేక కాంతిగా ఇస్తాయి. గుమిగూడితే వెలిగే ఈ గుణానికి 2001లో బెన్ జోంగ్ టాంగ్ బృందం ఏఐఈ (అగ్రిగేషన్-ఇండ్యూస్డ్ ఎమిషన్) అని పేరు పెట్టింది. ఇప్పుడు 365 నానోమీటర్ల అతినీలలోహిత (యూవీ) దీపం కింద ఫిల్మ్ నీలంగా బాగా వెలుగుతోంది, ద్రావణమే దాదాపు చీకటి!

అసలు టెన్షన్ ఉపయోగం దగ్గరే. పిక్రిక్ ఆమ్లం (పేలుడు గుణమున్న రసాయనం) కలిపిన నీటిలో ముంచితే ఫిల్మ్ కాంతి తగ్గుతోంది. దాన్ని పసిగట్టే సెన్సార్ దొరికిందని సంబరపడొచ్చు, కానీ ఆ పసుపు ద్రావణం దీపం కాంతిని తనే మింగేస్తుంది. కాబట్టి ముందు ఆ మింగుడుకు (శోషణకు) లెక్కలో సవరణ చేస్తున్నా. తర్వాత ఫ్లోరోసెన్స్ జీవితకాలం (కాంతి తగిలాక అణువు వెలిగే సగటు సమయం) కొలవాలి: అదీ తగ్గితే ఢీకొనడం లాంటి కారణంతో నిజంగానే క్వెంచింగ్ (కాంతిని అణచడం) జరుగుతున్నట్టే. మారకపోతే పిక్రిక్ ఆమ్లంతో ముందే జతకట్టిన అణువుల పనో, ఆ పసుపు రంగు పనో తేల్చాలి.