లెంక, బంటు, పెద్దన గారి "ఏగలేక"

ఒంగోలు కోడలు:
"ఎదురైనచో దన మదకరీంద్రము నిల్పి" సీసం, కృష్ణరాయలు పోయాక అల్లసాని పెద్దన గారు చెప్పుకున్నారనే పద్యం, ఇక్కడ అందరికీ కంఠతా వచ్చిందే. నా చిక్కల్లా సీసం కింద వచ్చే నాలుగు పాదాల ఎత్తుగీతి చివర. మా నాన్నగారు "బ్రతికియున్నాడ జీవచ్ఛవంబ నగుచు" అని చదివేవారు. మొన్న మా అమ్మాయి పుస్తకంలో "జీవచ్ఛవంబు గనుచు" అని చూశాను. ఏది సరి? ఇంకో సందేహం. "కృష్ణరాయలతో దివికేగలేక" అన్నది ఉత్త దుఃఖమేనా? కాకతీయుల నాటి శాసనాల్లో వచ్చే "లెంక" అన్న మాట తెలిసినప్పటి నుంచి ఈ పాదం నన్ను వదలడం లేదు. నిఘంటువు తీస్తే లెంక అంటే సేవకుడు, బంటు అని సరిపెట్టింది. ఏలినవాడి వెంట చచ్చిపోతానని బాస చేసినవాడిని ఉత్త సేవకుడంటే ఎలా?

తేటగీతి:
ముందు ఛందస్సు. నాలుగో గణం "వంబ" లేదా "వంబు", ఏదైనా గలమే, అంటే ఒక గురువు, ఒక లఘువు. అయిదోది "నగుచు" అయినా "గనుచు" అయినా నగణమే, మూడూ లఘువులే. నేను చిన్నప్పుడు విన్న "జీవచ్ఛవంబు కరణి" కూడా చక్కగా కూర్చుంటుంది. యతి "బ్రతికి"లో బ్రకూ "వంబ"లో వంకూ, మూడు పాఠాల్లోనూ ఒకటే. గణాలు లెక్కపెట్టి తేల్చే వ్యవహారం కాదిది.

పాత నిఘంటువు:
"నగుచు" పాఠమే నిలుస్తుంది. ఆ "న" ఉత్తమపురుష. దాసుడ నగుచు, బంట నగుచు అన్నట్టే జీవచ్ఛవంబ నగుచు. అంతకుముందు "బ్రతికియున్నాడ" అని తన గురించే చెప్పుకున్నాడు కదా, ఆ వరసలోనే ఇదీ వస్తుంది. "గనుచు" అంటే దేన్ని చూస్తూ? అద్దంలోనా?

తేటగీతి:
తనను తాను శవంలా చూసుకోవడం కవికి కొత్తేమీ కాదండీ. పైగా "గనుచు" అంటే శవంబున్ + కనుచు. బు పక్కన ఆ న్‌కు గుర్తుగా అరసున్న (ఁ) ఉండాలి. ఒంగోలు కోడలు గారూ, మీ అమ్మాయి పుస్తకంలో అరసున్న ఉందా? దాని మీదే ఆధారపడి ఉంది అంతా.

హంపి బాటసారి:
అరసున్న సంగతి మీరిద్దరూ చూసుకోండి. నన్ను పట్టుకున్నది ఆవిడ రెండో ప్రశ్న. కర్ణాటకలోని హళేబీడులో హొయ్సళేశ్వరాలయం దగ్గర ఒక స్తంభం ఉంది. 1220లో హొయ్సళ రాజు రెండో వీరబల్లాళుడు పోయాడు. దండనాయకుడు కువర లక్ష్మ తన భార్యతో, తనను నమ్ముకున్న వీరులతో కలిసి ప్రాణం వదిలాడని ఆ స్తంభం మీద శాసనం. చుట్టూ చెక్కిన బొమ్మలు కత్తులతో తమ తలలు తామే కోసుకుంటూ ఉంటాయి. ఆ శతాబ్దం చివర్లో పాండ్యదేశం చూసిన మార్కోపోలో కూడా రాజు చితిలో దూకే ఆంతరంగికుల గురించి రాశాడు. ఇలాంటి బాసకు కన్నడంలో వేళెవాళి, జోళవాళి, లెంకవాళి అని వేర్వేరు పేర్లున్నాయి. జోళవాళి అంటే తిన్న జొన్నల రుణం. మనం ఉప్పు తిన్న విశ్వాసం అంటామే, దాదాపు అదే.

ఇప్పుడు ఆ సీసంలో మూడో పాదం మళ్లీ చదవండి. "బిరుదైన కవిగండపెండేరమున కీవె తగుదని తానె పాదమున దొడిగె." గండపెండేరం అసలు వీరుడి కాలి అందె. ప్రభువు ఇస్తే వీరుడు తొడుక్కునేది. దాన్ని రాయలు తన చేత్తో కవి కాలికి తొడిగాడు. ఆ కాలితోనే 1529 తర్వాత పెద్దన బతికి ఉన్నాడు. అందుకే "దివికేగలేక" అన్నాడని నేను నమ్ముతాను. అందె తొడిగించుకున్నవాడు వెంట వెళ్లాలి, తాను వెళ్లలేదు. లెంక అన్న మాట వాడకుండానే లెంక సిగ్గంతా ఆ "లేక"లో పెట్టాడు.

పాత నిఘంటువు:
అందంగా ఉంది. కానీ ఆ అందె "పూతమెఱుంగులుం" ఉత్పలమాలిక చెప్పినందుకు వచ్చింది, ప్రాణమిస్తానన్నందుకు కాదు. కవిగండ అన్నప్పుడే అర్థం మారిపోయింది. పైగా ఇది చాటువు, ఏ కావ్యంలోదీ కాక జనం నోట నిలిచిన విడి పద్యం. పెద్దనదని చెప్పుకుంటాం, అంతే.

హంపి బాటసారి:
పెద్దనది కాకపోయినా ఎవరో తెలుగువాడే కదా రాసింది! రాజుతో పోవలసినవాణ్ణి, పోలేదు అన్న ఊహ అతనికి ఎక్కడి నుంచి వచ్చింది?

శ్రీకాకుళం పంతులు:
మా వైపు లెంక ఇంటిపేరు. ఒడిశాలోనూ ఉంది. నా క్లాసులో ఎప్పుడూ ఒకరిద్దరు లెంకవారి పిల్లలుంటారు. అర్థం అడిగితే ఒక్కరికీ తెలియదు. ఈసారి హళేబీడు సంగతి వాళ్లకు చెబుతాను.

కావేరి గట్టు:
లెంక పోయినా బంటు మిగిలాడండీ. త్యాగయ్య "బంటురీతి కొలువీయవయ్య రామ" చరణం చూడండి. రోమాంచమే కంచుకం, రామభక్తుడన్నదే ముద్రబిళ్ళ, రామనామమే ఖడ్గం. కవచం, బిళ్ళ, కత్తి మూడూ ఉన్నాయి. అడిగేది మోక్షం కూడా కాదు, కొలువు. అదీ కామాదులను నేల కూల్చే బంటు కొలువు. మా గురువుగారు "ముద్రబిళ్ళయు" దగ్గర కాస్త ఆగి, చేతిని ఛాతీ మీద పెట్టి పాడేవారు. అప్పటి నుంచి నాకు ఆ బిళ్ళ కనిపిస్తుంది. మీరు చెప్పిన అందె ఉన్న చోటే ఈ బిళ్ళ ఉందని నా అభిప్రాయం.

పాత నిఘంటువు:
బిళ్ళ కచేరీల్లోకి వచ్చి బిళ్ళబంట్రోతు అయింది. బంటు భటుడి నుంచి, భట భృత నుంచి. భృత అంటే పోషింపబడినవాడు. అంటే బంటులో జీతం ఉంది, బాస లేదు. త్యాగయ్య ఆ జీతగాడి మాటనే తీసుకుని దాంట్లో బాస నింపాడు. ఇది మాత్రం ఒప్పుకుంటాను.

హంపి బాటసారి:
అయితే పోషణే రుణమైంది కదా మాష్టారూ! జోళవాళి అన్నా అదే. తిండి పెట్టినవాడికి ప్రాణం బాకీ. జీతాన్నీ బాసనూ మీరు విడదీసినంత తేలిగ్గా ఆ కాలం విడదీయలేదు.

కావేరి గట్టు:
అందుకే రాముడి దగ్గర జీతం అడగలేదు త్యాగయ్య.

తేటగీతి:
చర్చ ఎటో పోయింది. అరసున్న ఉందా, లేదా?

ఒంగోలు కోడలు:
పుస్తకం అమ్మాయి హాస్టల్లో ఉంది. ఆదివారం ఫోటో తీసి పంపమన్నాను. ఈలోగా హంపి బాటసారి గారూ, ఆ స్తంభం మీది శాసనం కన్నడ పాఠం మీ దగ్గర ఉంటే ఇక్కడ పెట్టండి. లెంక అన్న మాట అందులో ఉందో లేదో చూడాలని ఉంది.

తేటగీతి:
ఫోటోలో పాదం మొత్తం పడేట్టు చూడమనండమ్మా. ఈమధ్య అచ్చుల్లో అరసున్నలు తీసేస్తున్నారు. పద్యం మిగతా చోట్ల ఉన్నాయో లేవో తెలిస్తే గానీ ఇక్కడ లేకపోవడానికి అర్థం ఉండదు.