దెయ్యం గుర్తా, దిష్టి గుర్తా?

రాక్ కచేరీల్లో చూపుడువేలు, చిటికెనవేలు ఎత్తి చూపే గుర్తును తెలుగులో ఏమనాలని ఈ చర్చలో అడిగారు. పైన వ్యాఖ్యల్లో నలుగురు ‘దెయ్యం గుర్తు’ అన్నారు. ఆ మాట చూసి ఊరుకోలేక రాస్తున్నాను. ఆ గుర్తును హెవీ మెటల్ (రాక్ సంగీతంలో హోరెక్కువ ఉండే ఒక శాఖ) లోకానికి అలవాటు చేసిన గాయకుడు రానీ జేమ్స్ డియో అంటే నాకు ప్రాణం.

డియోది ఇటలీ మూలాలున్న అమెరికా కుటుంబం. చిన్నప్పుడు వాళ్ళ అవ్వతో వీధిలో వెళ్తుంటే, ఎవరైనా అదోలా చూసినప్పుడు ఆమె ఆ రెండు వేళ్ళూ అటు చూపించేదట, చెడు చూపు తగలకుండా. ఆ చూపును ఇటాలియన్‌లో ‘మలోకియో’ అంటారు, చెడ్డ కన్ను అని. మనం కన్నును కాక చూపును పట్టుకున్నాం: దృష్టికి వికృతి దిష్టి. దృష్టి అంటే చూపు, శ్రద్ధ, ఆలోచన ఏదైనా కావచ్చు. దిష్టి దగ్గరికొచ్చేసరికి అవన్నీ రాలిపోయి, తగిలే చూపు ఒక్కటే మిగిలింది. (నరదృష్టిలో మాత్రం తత్సమమే నిలిచింది, గమనించారా?)

1979లో బ్లాక్ సబ్బత్ అనే హెవీ మెటల్ బృందంలో గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్ స్థానంలోకి డియో వచ్చారు. ఆజీ వేదిక మీద రెండు వేళ్ళతో శాంతి గుర్తు చూపేవారు. ఇంకొకరి గుర్తు తనది చేసుకోవడం ఇష్టంలేక డియో తమ అవ్వ గుర్తు ఎత్తారు. దాన్ని మొదట చేసింది తానేనని చెప్పుకోలేదు కూడా.

ఇక దెయ్యం. ఆయన అసలు ఇంటిపేరు పడవోనా, డియో పెట్టుకున్న పేరు. ఇటాలియన్‌లో డియో అంటే దేవుడు. ఆ మాట లాటిన్ ‘దేఉస్’ నుంచి వచ్చింది. అదీ సంస్కృతంలోని ‘దేవ’ శబ్దమూ ఒకే మూలం నుంచి పుట్టాయి. దేవ నుంచి దైవం, దైవానికి వికృతి దయ్యం. పాత తెలుగులో దయ్యానికి దైవం అనే అర్థమూ ఉండేది. అంటే డియో, దెయ్యం దూరపు చుట్టాలే! కానీ ఇవాళ దెయ్యమంటే పిశాచమే తడుతుంది. పసివాణ్ణి కాచుకోవడానికి ఒక అవ్వ చేసిన పనికి ఆ పేరు పెడితే నాకు బాధగా ఉంటుంది.

ఆయన గొంతు గురించి కూడా చెప్పనివ్వండి. చిన్నప్పుడు ట్రంపెట్ నేర్చుకున్నారు, పాట మాత్రం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఊదడంలో పట్టుబడిన ఊపిరే పాటకు పనికొచ్చిందనేవారు. ‘దమ్మున్న గొంతు’ అని మనం అలవాటుగా అనేస్తాం. దమ్మంటే ఊపిరే కదా, ఆయన విషయంలో అది అక్షరాలా నిజం. 2010 మే 16న, 67 ఏళ్ళ వయసులో కడుపు క్యాన్సర్‌తో పోయారు. ఇప్పటికీ ఆయన పాట వింటున్నప్పుడు ఊపిరి ఎక్కడ తీసుకున్నారా అని వెతుకుతాను. చాలాసార్లు దొరకదు.

నా సూచన ‘దిష్టి కొమ్ములు’. ఇటాలియన్‌లోనూ ఆ గుర్తు పేరు కొమ్ములే. ‘నీకేమైనా కొమ్ములొచ్చాయా’ అనే ఎత్తిపొడుపు గుర్తొస్తుందని పైన ఒకరన్నారు. ఒంటిగా కొమ్ములంటే ఆ చిక్కు నిజమే, ముందు దిష్టి చేరితే పోతుంది. ‘కొమ్ముల ముద్ర’ వినడానికి బాగుంది గానీ, ముద్ర అనగానే మనసు నాట్యం వైపు వెళ్తుంది.

క్రియ సంగతి ఇంకా తేలలేదు. కచేరీలో వేలమంది చేసేది కొమ్ములు ఎత్తడం. అవ్వ చేసింది మాత్రం చూపడం.